సువర్ణరేఖ మామిడి: రంగును చూచి కోయరాదు
(మామిడి రైతుల నుద్దేశించి చేసిన ప్రసంగ పాఠము)



సువర్ణరేఖ మన విశాఖపట్నం ప్రాంతపు సొంత మామిడి. దీనికే సుందరి అని మరియొక పేరు గలదు. కాయ మధ్య రకపు సైజులో, కొంచెము కోలగా ఉండును. పండినప్పుడు పసుపు తొక్కపై భుజముల వద్ద ఎర్రని ఛాయ కనబడును. గుజ్జు మెత్తన, పీచు బహు తక్కువ. పండు నిలువ కాగును. చెట్టు విరగకాయును. తీపిలో బంగినపల్లికి తీసిపోయినను, దానికంటె ముందుగా బజారుకు వచ్చును. కనుక ముందరి ధర దీనికే దక్కును.

అయితే ఈ తొందర, ఈ రంగు, రెండును కలిసి రైతును పొరపాటున పడవేయుచున్నవి. భుజము మీది ఎరుపు ముదిరినదనుటకు గుర్తు కాదు. ఎండ తగిలిన లేత కాయకు కూడ ఆ రంగు వచ్చును. ఆకుల నీడనున్న కాయ ముదిరినను పచ్చగానే ఉండవచ్చును. రంగు చూచి కోసిన లేత కాయ మాగక వడలి, పులుపుగానే మిగులును. ఒకసారి మోసపోయిన పట్నపు గృహిణి మరల ఆ పేరు తలపెట్టదు. అప్పుడు చెడునది ఒక గంప బేరము కాదు, రకము పేరు.

మరి ముదిరినదని తెలియుట యెట్లు? భుజములు నిండి, ముచ్చిక కంటె ఎత్తుగా ఉబ్బవలెను. చెట్టున అక్కడక్కడ పండ్లు రాలుట మొదలిడవలెను. నాలుగు కాయలు కోసి బకెట్టు నీటిలో వేయుడు: ముదిరినవి మునుగును, లేతవి తేలును. ఇది కానీ ఖర్చు లేని పరీక్ష.

కాయను రాల్చక, చిక్కముతో కొద్దిపాటి తొడిమ ఉంచి కోయవలెను. తరువాత తొడిమను కత్తిరించి, ముచ్చిక క్రిందికి ఉంచి సొన కారనీయవలెను. సొన అంటిన తొక్క నల్లబడి ధర తగ్గును. కార్బైడుతో మాగవేయుట చట్టరీత్యా నిషిద్ధము. దాని బదులు ఎథిలీన్ వాయువు గదులలో మాగపెట్టుటకు అనుమతి గలదు. కాని లేత కాయకు ఏ వాయువును తీపి నీయజాలదు.

క్రొత్తగా తోట వేయువారు టెంకలు పాతరాదు; తల్లి గుణములు రావు. నమ్మకమైన అంట్లను 10 మీటర్ల ఎడమున ఎకరాకు 40 చొప్పున నాటవలెను. 2014 అక్టోబరు 12న వచ్చిన హుద్‌హుద్ తుపానును మరువక, గట్ల వెంబడి సరుగుడు వంటి గాలి అడ్డు చెట్లు పెంచవలెను. ఏటా కోత ముగియగానే లోపలి గుబురు కొమ్మలను తీసివేసినచో, ఎండ లోపలికి సోకి కాయ రంగు పెరుగును.

రంగు కొనువానిని ఒకసారి పిలుచును. రుచి మరల రప్పించును. ఈ వేసవి కోతకు ముందు నీటి పరీక్ష చేయుడు.