తోటి పిల్లలే తోడు

పంచాయతీ సభ్యులారా,

ఒకనాటి పల్లెయైన ఖాజాగూడ నేడు ఐ.టి. సంస్థల నడుమ నున్నది. అచ్చటి బడియైనను, మీ ఊరి బడియైనను, పిలిచిన పలుకక, కన్నెత్తి చూడక ఒంటరిగా కూర్చుండు బిడ్డ కనుపింపవచ్చును. అది మొండితనము కాదు. తల్లి పెంపకపు లోపమును కాదు. మెదడు ఎదుగుదలలోని భేదము వలన కలుగు ఈ స్థితిని ఆటిజము అందురు.

ఇట్టి బిడ్డను పదిమంది నడుమ కూర్చుండబెట్టినంతనే స్నేహము కుదరదు. తోటి పిల్లలకును నేర్పవలెను. ఉపాధ్యాయుడు ఓర్పుగల ముగ్గురు నలుగురిని ఎంచి, బిడ్డను పేరుపెట్టి పిలుచుట, చిన్న మాటలతో అడుగుట, జవాబు కొరకు ఆగుట, ఆ బిడ్డకు నచ్చిన ఆటలో తామును చేరుట అలవాటు చేయవలెను. మాట రానిచో బొమ్మలు చూపి అడుగవచ్చును. భారము ఒక్కరిపైననే మోపక వంతులు మార్చవలెను.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము ఆటిజమును వైకల్యముగా గుర్తించి, అందరితో కలసి చదువుకొను హక్కును ఈ బిడ్డలకు కల్పించినది. సికింద్రాబాదు మనోవికాస్ నగరులో 1984లో నెలకొన్న జాతీయ సంస్థ తల్లిదండ్రులకు మార్గము చూపుచున్నది.

కావున మీరు బడికి పోయి విచారింపుడు. ఎగతాళికి వెరచి ఇంట నిలిచిపోయిన బిడ్డ యున్నచో, తల్లిదండ్రులకు ధైర్యము చెప్పి బడికి రప్పింపుడని మనవి చేయుచున్నాము.