ఆంగ్ల కావ్యపఠనము - స్వస్థలాభిమానము



హైదరాబాదున ఉస్మాన్‌గంజ్ అంగళ్లకు అనతిదూరమున, నాంపల్లి స్టేషను బాటలో ‘గోల్డెన్ త్రెషోల్డ్’ అను గృహము కలదు. అది సరోజినీ నాయుడుగారి ఇల్లు. ఆమె 12వ ఏట మద్రాసు మెట్రిక్యులేషనులో ఉత్తీర్ణురాలై, 1895లో, 16 ఏండ్ల ప్రాయమున, నిజాము ఇచ్చిన విద్యార్థివేతనముతో ఆంగ్లదేశమేగెను. లండనులోను, కేంబ్రిడ్జిలోను చదివెను. అచ్చట ఎడ్మండ్ గాస్ అను విమర్శకుడు ఆమె పద్యములు చూచి, ఆంగ్లదేశపు పక్షులను విడిచి తన దేశపు కొండలను, తోటలను, గుడులను పాడుమని హితవు చెప్పెను. ఆమె ఆ మాట వినెను. 1905లో వెలువడిన తొలి కావ్యసంపుటము పేరే ఆ ఇంటికి నిలిచినది.

నేడు ఇంటర్మీడియేటులో చేరు పల్లెబిడ్డలు ఆంగ్లకావ్యమును చూచి జంకుదురు. అర్థమెరుగక వల్లించి, పరీక్ష కాగానే మరతురు. చేను, చెరువు ఎరిగిన బిడ్డకు కావ్యము పరాయిది కాదు. పరభాష నేర్చుట సొంత ఊరిని మరచుటకు గాదు, దానిని క్రొత్త కన్నులతో చూచుటకు. కావున ఈ గ్రంథాలయమున పోతన భాగవతము ప్రక్కనే షేక్స్పియరుకును చోటుండవలెను.