కచేరీలో మన ఊరి బాణీ



నేను ఇంజనీరును. పాట వినడమే తప్ప పాడటం రాదు. అయినా పాట గురించే రెండు మాటలు చెబుతాను.

కచేరీ పాట వేరు, భావనపాడులో వల లాగేటప్పటి పాట, ఉభాల పాట వేరు అనుకుంటాం. కానీ సుబ్బరామ దీక్షితులు 1904లో తెలుగులో అచ్చువేయించిన ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ తెరిస్తే, నేటి యదుకుల కాంభోజి అందులో ‘ఎరుకల కాంభోజి’గా కనిపిస్తుంది. పేరులోనే ఎరుకలవారు ఉన్నారు!

నాదనామక్రియ, పున్నాగవరాళి, నవరోజు వంటి రాగాలు జానపదుల నుంచి వచ్చినవేనని విద్వాంసులు అంటారు. ఇవి సాధారణంగా పై షడ్జం దాకా పోవు. పదిమందీ పని చేస్తూ పాడాలంటే అందరి గొంతుకూ అందే స్వరాలే కావాలి కదా! త్యాగరాజస్వామి భజన గోష్ఠికి రాసిన దివ్యనామ కీర్తనల్లో, నౌకాచరిత్రంలో ఇలాంటి రాగాలు వినిపిస్తాయి.

ఇప్పుడు పొలానికి ట్రాక్టరు, పడవకు మోటారు వచ్చాయి. యంత్రాలతో బతికేవాణ్ణి, వాటిని తప్పుపట్టను. కానీ పని మారితే దానితో పుట్టిన పాటా పోతుంది. కచేరీ పాటకు పుస్తకాలున్నాయి, సభలున్నాయి. ఉభాల పాటకు పాడే మనిషి ఒక్కరే దిక్కు.

జముకుల కథ, తప్పెటగుళ్ల పాటలు తెలిసిన పెద్దలు మన మధ్య ఇంకా ఉన్నారు. పిల్లలూ, మీ అమ్మమ్మ పాటను ఫోనులో రికార్డు చేయండి. ఏ పనిలో పాడేవారో అడిగి రాసుకోండి. వాటిని బడి గ్రంథాలయంలో భద్రపరిచే బాధ్యత మన సంఘం తీసుకోవాలని మనవి.