చివర వచ్చిన బండి

(తల్లిదండ్రుల సభలో ప్రధానోపాధ్యాయుడు గావించిన ప్రసంగపాఠము)



మన షోలాపురమున సైకిలు ఎరుగని ఇల్లు లేదు; పంక్చరు కాని సైకిలు అసలే లేదు. రబ్బరు గొట్టములో గాలి నింపి దానిపై బండి నడుపుట నేడు మనకు వింత గాదు. కాని 1895వ సంవత్సరమున, బరువైన మోటారు బండిని గాలి మోయగలదన్నచో నమ్మువారు మిక్కిలి అరుదు. అట్టి కాలమున ఇద్దరు అన్నదమ్ములు తమ మాటకు తామే పూచీపడి, కొత్త బండితో పందెమున దిగి, పడరాని పాట్లు పడి, గడువు దాటిన పిమ్మట గమ్యము చేరిరి. ఆ వృత్తాంతమును మీకు మనవి చేయదలచినాను.

వారు ఫ్రాన్సు దేశమున క్లెర్మాన్ ఫెరాన్ పట్టణమునకు చెందిన మిషెలిన్ సోదరులు. అన్న ఆంద్రే ఇంజనీరింగు చదివినవాడు. తమ్ముడు ఎడ్వార్ చిత్రకళ నభ్యసించినవాడు. వంశపారంపర్యముగా వచ్చిన రబ్బరు కార్ఖానాను 1889లో తమ పేర నడుపసాగిరి. ఆ రోజులలో సైకిలు టైరును చక్రమునకు జిగురుతో అంటించెడివారు. ఒకడు పగిలిన టైరుతో వారి కార్ఖానాకు రాగా, దానిని ఊడదీసి బాగుచేయుటకు మూడు గంటలు, జిగురు ఆరుటకు ఒక రాత్రి పట్టినది. సులభముగా విప్పి మరల తొడుగదగిన టైరు కావలెనని వారు తలపోసి, 1891లో దానిని సాధించిరి. ఆ సంవత్సరమే పారిస్ నుండి బ్రెస్టుకు పోయివచ్చు సైకిలు పందెమున షార్ల్ తెరాన్ అను పోటీదారుడు ఆ టైర్లతోనే గెలిచెను.

సైకిలుకు చెల్లినది మోటారుకేల చెల్లదు? ఇది వారి ప్రశ్న. 1895 జూన్ 11న పారిస్ చెంతనున్న వర్సాయి నుండి ఒక మోటారు పందెము ఆరంభమైనది. బోర్డో నగరమునకు పోయి మరల పారిస్ చేరవలెను. దూరము సుమారు 1,180 కిలోమీటర్లు. గడువు 100 గంటలు. బయలుదేరిన బండ్లు ఇరువదికి పైబడి యుండెను. ఇనుప కమ్ములో, గట్టి రబ్బరు పట్టాలో ఆనాటి చక్రములకు రివాజు. గాలి టైర్లను తొడిగి పందెమునకు వచ్చుటకు ఇతరులు సాహసింపకుండుటచే అన్నదమ్ములు తామే బండి సిద్ధపరచుకొనిరి. ప్యూజో వారి చట్రము, పడవలకై చేసిన డైమ్లర్ ఇంజను, తమ టైర్లు — ఇవి కూర్చి దానికి "మెరుపు" అని నామకరణము చేసిరి. తిన్నగా పోక వంకరటింకరగా పోవుటచే ఆ పేరు తగియున్నదని పిమ్మట పరిహాసమాడుకొనిరట!

వారు పందెపు సారథులు గారు. దారి నాటి కంకర దారి. గుర్రపు లాడముల మేకులు చెదరియుండు దారి. బండి బరువు, రాళ్ల వాడి కలసి టైర్లను చీల్చివేసెను. పంక్చరైన ప్రతిసారియు బండి నిలుపవలెను, చక్రము నెత్తవలెను, మరలు విప్పి, గొట్టము మార్చి, చేతిపంపుతో గాలి కొట్టవలెను. పగలనక రాత్రియనక ఇదియే పని. వెంట తెచ్చుకొన్న 22 గొట్టములును అయిపోయినవి. అటుపై చిరిగినవానికే అతుకులు వేసికొనుచు సాగిరి.

ఇదే దారిని ఎమిల్ లెవసార్ అను అనుభవజ్ఞుడు 48 గంటల 48 నిమిషములలో పూర్తిచేసెను. రుఫెక్ అను ఊర తన బదులు నడుపవలసినవాడు నిద్రలో నుండగా, వానికై ఆగక తానే నడుపుకొనిపోయిన ధీరుడతడు. అయినను అతని బండి ఇద్దరు మాత్రమే కూర్చుండునది యగుటచే నిబంధన ప్రకారము మొదటి బహుమానము వేరొకరికి దక్కినది. ఇక మిషెలిన్ సోదరులు 100 గంటల గడువు గడచిన పిమ్మట పారిస్ చేరిరి. వారికి బహుమానము లేదు. గాలి టైరు మోటారుకు పనికిరాదని పలువురు తలచిరి.

కాని ఆ సోదరులు రిక్తహస్తములతో తిరిగి రాలేదు. టైరు ఎచ్చట తెగుచున్నది, ఏ బరువునకు తెగుచున్నది, మార్చుటకు ఎంత సేపు పట్టుచున్నది అను లెక్క వారికి చిక్కినది. 1899లో కామిల్ జెనాట్సీ గంటకు 100 కిలోమీటర్ల వేగమును మొట్టమొదట దాటిన బండికి వారి టైర్లే ఉండెను. 1906లో ల మాన్ నగరమున జరిగిన పెద్ద పందెమున చక్రపు అంచుతో సహా టైరును ఊడదీయు ఏర్పాటును వారు అందించిరి. టైరు మార్పునకు సుమారు పావుగంట పట్టుచోట నాలుగు నిమిషములలోపే సరిపోయినది. ఆ ఏర్పాటుతో సిజ్ అను హంగరీ దేశీయుడు రెనో బండి నడిపి, 1,200 కిలోమీటర్లకు పైబడిన దూరమును రెండు దినములలో మొత్తము 12 గంటల 14 నిమిషములలో ముగించి గెలిచెను. 1895లో దారిప్రక్కన కూర్చుండి గొట్టములకు అతుకులు వేసినవారి కష్టము పదునొకండేండ్లకు ఇట్లు ఫలించినది.

తల్లిదండ్రులారా! ఇంతసేపు ఈ కథ చెప్పుటకు కారణము కలదు. ఈ సంవత్సరము మన ఎనిమిదవ తరగతి పిల్లలు గణితమును, విజ్ఞానశాస్త్రమును మొదటిసారి ఇంగ్లీషున చదువుచున్నారు. మిగిలినవి తెలుగున, మరాఠీ, హిందీలు ఉండనే యున్నవి. వారికిది కొత్త బండి, తొలి పందెము. మొదటి పరీక్షలో పలువురకు మార్కులు తగ్గినవి. అది చూచి కొందరు దాఖలా ఇమ్మని అడుగుచున్నారు.

మీలో అనేకులు మగ్గములు నడుపువారు. కొత్త మగ్గముపై తొలి పడుగు ఎక్కించిన దినమున పోగులు తెగవా? తెగినవని మగ్గమును అమ్మివేయుదురా? ఎచ్చట తెగినదో చూచి, ముడివేసి, నేతను సాగింతురు. బిడ్డ విషయమునను అట్లే చేయుడని నా విన్నపము.

అయితే ఓర్పు వహించిన మాత్రమున ఫలము రాదు. మిషెలిన్ సోదరులవలె లెక్క తీయవలెను. మార్కుల పట్టీతో తృప్తిపడక జవాబు పత్రమును చూడుడు. బిడ్డ లెక్క తెలియక తప్పినాడా, లెక్కలోని ఇంగ్లీషు మాట తెలియక తప్పినాడా? అదే లెక్కను ఇంట తెలుగున అడుగుడు. చేయగలిగెనా, లోటు మాటలో మాత్రమే యున్నదన్నమాట. అది కొన్ని నెలలలో తీరును. తెలుగునను చేయలేకపోయెనా, లోటు లోతున నున్నది; వెంటనే మాకు తెలుపుడు. రెంటికిని చికిత్స వేరు. బడి మార్చిన మాత్రమున రెండింటిలో ఏదియు నయము గాదు.

ప్రతి శనివారము బడి విడిచిన పిమ్మట జవాబు పత్రములతో ఉపాధ్యాయులు మీకై వేచియుందురు. చదువు రాని తల్లియు రావచ్చును. బిడ్డచేత చదివించి వినిపింతుము. సంవత్సరాంత పరీక్షవరకైన వేచి, అప్పుడు దాఖలా సంగతి యోచింపుడు. తొలి పందెమున గడువు దాటిన బిడ్డను దారిలో దింపివేయకుడని వేడుకొనుచున్నాను.