ట్రాక్టరుకు తగిన ట్రెయిలరు



ట్రాక్టరు కొనేటప్పుడు మనవాళ్ళు పది ఊర్లు తిరిగి విచారిస్తారు. ఎంత లోతు దున్నుతుంది, గంటకు డీజిలు ఎంత తాగుతుంది, తిరిగి అమ్మితే ఎంత వస్తుంది, అన్నీ అడిగి తెలుసుకొంటారు. దాని వెనక తగిలించే ట్రెయిలరు సంగతి మాత్రం అడిగేవారు తక్కువ. "పెద్దది చూసి చేసి పెట్టప్పా" అని షెడ్డులో చెప్పి వస్తారు. మన చిత్తూరు, తిరుపతి జిల్లాలలో ట్రాక్టరు దున్నేది ఏడాదిలో కొద్ది దినములే. మిగిలిన దినములలో ఎరువు, చెరువు మన్ను, చెరకు, మామిడికాయలు, ఇటుకలు తోలడమే దాని పని. కాబట్టి ఏ ట్రాక్టరు వెనక ఎంత బరువు కట్టవచ్చును అనే లెక్క ప్రతి రైతుకూ తెలిసి యుండవలెను.

"నాది 45 హెచ్.పి. బండి, పది టన్నులు లాగుతుంది" అని కొందరంటారు. లాగుతుంది, కాదనను. తారురోడ్డు మీద, చదునైన చోట, చిన్న గేరులో లాగుతుంది. ఇంజను బలము ఎక్కువైతే అదే బరువును కొంచెం వేగంగా లాగవచ్చును, అంతే. ఎంత బరువు కట్టవచ్చునో నిర్ణయించేది ట్రాక్టరు సొంత తూకము, వెనక చక్రములకు నేల మీద ఉండే పట్టు, బ్రేకుల శక్తి. ఈ మూడింటినీ అమ్మేవాడు చెప్పడు, మనమే చూసుకోవాలి.

లెక్క వేసి చూతము. రెండు టన్నుల ట్రాక్టరు ఉన్నదనుకోండి. ట్రెయిలరు ఖాళీ బరువు ఒకటిన్నర టన్ను, సరుకు నాలుగున్నర టన్నులు, మొత్తం ఆరు టన్నులు. తారురోడ్డు మీద టన్నుకు సుమారు 20 కిలోల లాగుడు చాలును, అనగా 120 కిలోలు. మట్టిబాటలో టన్నుకు 50 కిలోలు పట్టును, 300 అయినది. వాన పడి మెత్తబడిన కయ్యలోకి దిగితిరా, టన్నుకు 150 కిలోల దాకా కావలెను. అంటే 900 కిలోలు. మరి ట్రాక్టరు ఎంత లాగగలదు? రెండు టన్నుల ట్రాక్టరులో వెనక చక్రముల మీద ఉండేది సుమారు 1,300 కిలోలు. గట్టి నేలలో అందులో సగము లాగుడుగా మారును, తడి బంకమట్టిలో మూడో వంతు కూడా కష్టమే. 900 కావలసిన చోట 430 ఉన్నది. చక్రము తిరిగి తిరిగి గుంత చేసుకొని ఇరుసు దాకా దిగబడుతుంది. అప్పుడు ఇంకొక ట్రాక్టరు తెచ్చి మోకు కట్టి ఈడ్పిస్తారు. ఇది మీరంతా చూసినదే. కయ్యలోనే నింపుకొని గెనిమ దాటించే బదులు, సగము బరువుతో రెండు సార్లు గట్టునేలకు తెచ్చి అక్కడ నింపుకొనుడు. డీజిలు కూడా మిగులును.

దిగబడితే పోయేది ఒక పూట. దిగుడులో పట్టు తప్పితే ప్రాణమే పోవును. పలమనేరు నుండి చిత్తూరుకు దిగే మొగిలి ఘాటు, పీలేరు నుండి తిరుపతి దారిలో భాకరాపేట ఘాటు మీరెరిగినవే. అంత దూరం ఎందుకు, చాలా ఊర్లలో చెరువుకట్ట మీదినుండి దిగే బాట చాలును. 20 అడుగుల నడకకు ఒక అడుగు దిగే వాలులో టన్నుకు 50 కిలోల చొప్పున బరువు కిందికి తోస్తుంది. మన ఎనిమిది టన్నులకు 400 కిలోలు. రోడ్డు రాపిడి అందులో కొంత ఆపును, మిగిలినది బ్రేకులే ఆపవలెను. చాలా ట్రాక్టర్లకు బ్రేకు వెనక చక్రములకే ఉండును. మన ట్రెయిలర్లలో ఎక్కువ వాటికి బ్రేకే లేదు! రెండు టన్నులది ముందు నిలబడి వెనక నుండి వచ్చే ఆరు టన్నులను ఆపవలెను. మలుపులో బ్రేకు తొక్కితే ట్రెయిలరు తోసి, ట్రాక్టరును అడ్డముగా తిప్పి పడవేయును.

ఎద్దులబండి తోలిన పెద్దలకు ఇది చెప్పనక్కరలేదు. దిగుడు వస్తే వారు ముందే దిగి, చక్రానికి కట్టె అడ్డం వేసి, నిదానంగా దించేవారు. ఎద్దుల మీద ఉన్న ఆ దయ మన మీద మనకు లేకపోతున్నది.

బ్రేకు లేని ట్రెయిలరు మొత్తం బరువు ట్రాక్టరు తూకానికి ఒకటిన్నర రెట్లు మించరాదని పెద్ద ట్రాక్టరు కంపెనీల పుస్తకములలో వ్రాసి యున్నది. రెండు టన్నుల ట్రాక్టరుకు మూడు టన్నులు, ట్రెయిలరు ఖాళీ బరువుతో కలిపి. వినగానే నవ్వుతారని నాకు తెలుసు. ఆ లెక్క ప్రకారము మన జిల్లాలో సగం ట్రెయిలర్లు రోడ్డెక్కరాదు. అందుకని నా మాట ఏమనగా, అంతకు మించి తోలవలసిన పని ఉన్నవారు బ్రేకు ఉన్న ట్రెయిలరే తీసుకొనవలెను. ట్రాక్టరు నుండి నూనె గొట్టముతో పనిచేసే బ్రేకులు ఇప్పుడు దొరుకుచున్నవి. పెట్టె కొలత రెండడుగులు తగ్గించుకొని ఆ డబ్బు బ్రేకుకు పెట్టుడు.

బరువును కంటితో కొలిచే అలవాటు కూడా మంచిది కాదు. పదడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు గల పెట్టెలో ఎండిన వేరుశెనగ కాయలు నింపితే ఒక టన్నుకు అటూ ఇటూ ఉండును. మామిడికాయలైతే సుమారు రెండు టన్నులు. అదే పెట్టెలో తడి చెరువు మన్ను సమముగా నింపితే ఐదున్నర టన్నులు దాటును. కాయలకని చేయించిన పెట్టెలో మన్ను తోలరాదు. తోలితే సగానికే నింపవలెను.

మామిడి కాలములో వచ్చే చిక్కు వేరు. 2025లో తోతాపురికి ధర పడిపోయి, గుజ్జు ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు బారులు తీరి నిలిచిపోయినవి. అంతసేపు నిలబడవలసి వస్తే, బాడుగ ఇంతయితే, ఒక్క ట్రిప్పులోనే అంతా వేద్దామని రైతుకు అనిపిస్తుంది. అనిపించడంలో తప్పు లేదు. పక్కలకు పలకలు ఎత్తు కట్టి, కాయలు కుప్పపోసి, నాలుగైదు టన్నులు వేస్తారు. బరువు పైకి పోయిన కొద్దీ మలుపులో బోల్తాపడే భయం హెచ్చును. అటువంటప్పుడు వేగము సగానికి తగ్గించవలెను. వేగము రెట్టింపైతే ఆగడానికి పట్టే దూరము సుమారు నాలుగు రెట్లగును.

రెండు చక్రముల ట్రెయిలరులో సరుకు సర్దేటప్పుడు ఎద్దులబండి తూకమే గుర్తుంచుకొనుడు. వెనకబరువైతే కాడి పైకి లేచి ఎద్దు గొంతు పట్టును, ముందుబరువైతే మెడ కుంగును. ఇక్కడ కూడా అంతే. వెనకబరువైతే కొక్కెము పైకి లేచి ట్రాక్టరు వెనక చక్రము పట్టు తప్పును, ట్రెయిలరు తోక ఊపినట్టు ఊగును. మరీ ముందుబరువైతే ముందు చక్రములు తేలిపోయి స్టీరింగు వినదు. మొత్తములో పదో వంతు కొక్కెము మీద ఉంటే చాలును. కొక్కెము ఎప్పుడూ కింది డ్రాబారుకే. పైన తగిలిస్తే ఎక్కుడులో ట్రాక్టరు ముందర లేచి, తోలేవాని మీదికే తిరగబడును.

రోడ్డెక్కేముందు రెండు బ్రేకు పెడళ్ళను కొండీతో కలపవలెను. పొలములో విడిగా పెట్టుకొని అలాగే రోడ్డు మీదికి వచ్చేవారున్నారు. ఒకటే తొక్కుడు పడితే బండి పక్కకు లాగును. దిగుడులో న్యూట్రలు వద్దు. ఏ గేరులో ఎక్కుతుందో ఆ గేరులోనే దించండి. పిన్నుకు క్లిప్పు, పక్కన ఒక గొలుసు, వెనక ఎర్ర రిఫ్లెక్టరు ఉండవలెను.

మనుషులను ఎక్కించుట గురించి ఒక్క మాట. 2022 డిసెంబరులో పూతలపట్టు మండలములో పెండ్లివారిని తీసుకొనిపోతున్న ట్రాక్టరు బోల్తాపడి ఆరుగురు చనిపోయినారు. పెండ్లికైనా, తిరునాళ్ళకైనా ట్రెయిలరులో జనాన్ని ఎక్కించకండి. ఇక ట్రెయిలరుకు కూడా రిజిస్ట్రేషను ఉండవలెను. దానిలో వ్రాసిన బరువు మించితే, 2019లో మార్చిన చట్టము ప్రకారము 20,000 రూపాయలు, పైన హెచ్చు టన్నుకు 2,000 చొప్పున జరిమానా. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సువారు మొదట అడిగేవి ఈ కాగితములే.

పాత ట్రెయిలరు కొనేవారు ఇరుసు వంగినదా, నొగకు అతుకు వేసినారా చూడవలెను. రంగు కొత్తగా ఉన్న చోట గీకి చూడండి. కొన్న తరువాత ఒకసారి వేబ్రిడ్జికి తీసుకొనిపోయి ట్రాక్టరును, ఖాళీ ట్రెయిలరును విడివిడిగా తూచి, ట్రెయిలరు ఖాళీ బరువు ఎంత, వేయదగిన సరుకు ఎంత అని పక్క రేకు మీద పెయింటుతో వ్రాయించుకొనుడు. డ్రైవరు మారినా, బాడుగకు ఇచ్చినా ఆ అంకె కనబడుతూ ఉండును.