ముళ్లబంతి లేని తీరం

ఈ పూట నేను మాట్లాడదలచింది మన బందరు, దివిసీమల ఒడ్డున కాపురం లేని ఒక ప్రాణి గురించి. విశాఖపట్నంలో పోటు తీసినప్పుడు బండల సందుల్లో నల్లని ముళ్లబంతులు కనబడతాయి. అవే సీ అర్చిన్లు. వాటిలో స్టోమోప్న్యూస్టిస్ వేరియోలారిస్ అనే జాతి ఆ రాతి ఒడ్డుకు బాగా అలవాటైనది. మంగినపూడిలో, హంసలదీవిలో దానికి చోటు లేదు. ఇది మన తీరానికి కొరత కాదనీ, కృష్ణమ్మ ఇక్కడ చేసిన పనికి సాక్ష్యమనీ నా వాదన.

ఆ ప్రాణి ఒళ్లే సగం కారణం చెబుతుంది. నోరు అడుగున ఉంటుంది. అందులో ఐదు పళ్లు, వాటిని బిగించి పట్టే సున్నపు చట్రం ఉంటాయి. దాన్నే అరిస్టాటిల్ లాంతరు అంటారు. ఆ పళ్లతో బండమీది నాచును గీకి తింటుంది. కొస అరిగేకొద్దీ పన్ను పైనుంచి పెరుగుతూ దిగుతుంది. ముళ్ల నడుమ నుంచి సాగే నాళపాదాలు లోపలి నీటి ఒత్తిడితో కదులుతాయి. అల కొట్టినా రాతిని వదలకుండా ఉండేది వాటి కొసనున్న బిళ్లలు జిగురుతో అంటుకోవడం వల్ల. గీకడానికైనా, పట్టుకోవడానికైనా గట్టి నేల కావాలి. కృష్ణ మనకు పరిచింది ఒండ్రు.

మెత్తని నేలలో బతికే అర్చిన్లు లేవా అని అడగవచ్చు. ఉన్నాయి. హార్ట్ అర్చిన్లు, సాండ్ డాలర్లు ఇసుకలో దూరి బతుకుతాయి. కనుక ఒండ్రు ఒక్కటే కారణమంటే చాలదు. ఉప్పును కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఒంట్లోని ద్రవాన్ని బయటి నీటికి భిన్నంగా నిలుపుకునే ఏర్పాటు ఈ వర్గానికి లేదు. అందుకే మంచినీటిలో దీని జాతి ఒక్కటీ లేదు. వరద రోజుల్లో నదీముఖాల దగ్గర నీరు చప్పబడితే దీనికి నిలువనీడ ఉండదు. ఉప్పు తగ్గని లోతు నీళ్లలో వలకు అర్చిన్ పడిందంటే ఈ మాటకు బలమే తప్ప ఎదురు కాదు. ఒండ్రు, చప్పదనం రెండూ ఒకే నది తెచ్చినవి.

అర్చిన్ లేని తీరం బీదదేనా? మన తీరపు మడ అడవిలో ఒక పీతను చూడండి. రాలిన ఆకును డెక్కతో పట్టి బొరియలోకి ఈడ్చుకుపోతుంది. అది తినగా మిగిలిన తునకలు బురదలోని చిన్న ప్రాణులకు మేత. ఆ బొరియే ఊపిరాడని నల్ల బురదలోకి గాలికి, నీటికి దారి. విశాఖ బండమీద అర్చిన్ చేసే మేత పని వేరు, ఇక్కడ పీత చేసే పని వేరు. ఒకదాని కొలతతో రెండోదాన్ని తూచలేం.

ఒడ్డు కోతకు అడ్డంగా రాళ్లు పోస్తే రాతి జీవులు రావా, అదీ లాభమే కదా అనేవారున్నారు. రాయి పట్టు ఇవ్వగలదు, వరదనాటి ఉప్పును నిలపలేదు. పైన జలాశయాల్లో ఒండ్రు ఆగిపోతున్నందువల్ల ఒడ్డు బక్కచిక్కుతుంటే, ఆ నష్టాన్ని రాతిమీది కొత్త ప్రాణులతో పూడ్చామనుకోవడం సరికాదు. బందరు విద్యార్థి చేత అర్చిన్ బొమ్మ గీయించండి, మంచిదే. అది మన ఒడ్డున ఎందుకు లేదో కూడా రాయించండి. ఆ జవాబు రాయాలంటే అతను కృష్ణ గురించి తెలుసుకోక తప్పదు.