కోబి అను మాట - దాని చుట్టములు



కోటబొమ్మాళి సంతలో మీరు క్యాబేజీ అని అడుగుదురు. ఇచ్ఛాపురము దాటి బరంపురము పోయినచో, అక్కడి ఒడియావారు దానినే ‘బంధా కోబి’, అనగా ముడుచుకొన్న కోబి అందురు. కాలీఫ్లవరు వారికి ‘ఫుల కోబి’, పూవు కోబి. వంగదేశములో ఈ మాటయే ‘కోపి’ అయినది. నూల్‌కోలును వారు ‘ఓల్ కోపి’ అందురు. ఓల్ అనగా మన కంద.

ఈ కోబి మన దేశపు మాట కాదు. ఓడలపై వచ్చిన పోర్చుగీసువారి ‘కోవె’ నుండి పుట్టినది. దానికి మూలము లాటిను భాషలోని ‘కౌలిస్’, అనగా కాడ. కాలీఫ్లవరులోని ‘కాలీ’ కూడ అదే. నూల్‌కోలు డచ్చివారి మాట. ‘క్నోల్’ గడ్డ, ‘కోల్’ మరల ఆ కాడయే. క్యాబేజీ ఒక్కటే వేరు. అది తల అను అర్థముగల పాత ఫ్రెంచి మాటనుండి వచ్చినది.

కాడ అని పేరు పెట్టిరి గాని, క్యాబేజీలో మనము తినునది ఆకు, కాలీఫ్లవరులో విచ్చని పూవు. పేరుకు తగినది నూల్‌కోలే! అది దుంప కాదు, నేలపైన ఉబ్బిన కాడ.

మాటల ముచ్చట మీకెందుకందురా? ఈ మూడును ఒకే జాతి మొక్కలు. నిరుడు క్యాబేజీ వేసిన మడిలో ఈ యేడు కాలీఫ్లవరు నాటి ‘పైరు మార్చితిని’ అనుకొను రైతు పేరు మాత్రమే మార్చినాడు. ఆకు అంచునుండి లోనికి పచ్చబారుచు వచ్చు నల్లకుళ్ళు తెగులు, పాత ఆకులలోను మోళ్ళలోను దాగి, కొత్త పైరునకు అంటుకొనును. మోళ్ళు పీకివేసి, రెండేండ్లు ఆ మడిలో పెసర, మినుము వంటివి వేయుడు. ముల్లంగి వద్దు, అదియు ఆ కుటుంబములోనిదే.

పనసపొట్టు కూరలో మీరు పెట్టు ఆవయు వీటి చుట్టమే. ఈ చుట్టరికము మేలు కూడ చేయును. క్యాబేజీ ఆకులను జల్లెడచేయు డైమండ్ బ్యాక్ మాత్ అను పురుగుకు ఆవ మొక్క మరింత ప్రీతి. కావున ఇరువదియైదు వరుసల క్యాబేజీకి రెండు వరుసల ఆవ చొప్పున వేయుడు. మొదటి వరుస నారు నాటుటకు 15 దినములు ముందు, రెండవది నాటిన 25 దినములకు విత్తవలెను. తల్లిపురుగులు ఆవపై గ్రుడ్లు పెట్టును. మందు ఆ వరుసలపై చల్లవలెను.